బడి గేటు దగ్గర ఆయుధాల తనిఖీ: మెటల్ డిటెక్టర్ కొనే ముందు, కొన్నాక చేయాల్సిన పనులు

నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం వైపు బడులూ జూనియర్ కాలేజీలూ నడిపేవాళ్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ పెట్టాలనుకుంటున్నాం, ఏది కొనమంటారు?"

నిజానికి అది నాలుగో ప్రశ్న. ఏం వెతుకుతున్నాం, ఏ దారిన లోపలికి వస్తుంది, ఎంతమందిని ఎంతసేపట్లో చూడాలి అన్న మూడూ తేలకుండా కొన్న యంత్రం ఏడాది తిరిగేసరికి స్విచ్ ఆపేసి గేటు పక్కన నిలబడి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి ఆ వరుసలోనే నడుస్తుంది. మధ్యలో ఏ మెట్టూ దాటేయకండి.

1. ఏం వెతుకుతున్నారో ముందు కాగితం మీద పెట్టండి

ప్రధానోపాధ్యాయులు, ఇద్దరు టీచర్లు (అందులో ఒకరు మహిళ), తల్లిదండ్రుల కమిటీ నుంచి ఇద్దరు, పీఈటీ, వాచ్‌మన్ కూర్చుని మూడు జాబితాలు రాయండి. వాచ్‌మన్‌ను వదిలేయకండి. గేటు దగ్గర ఏం జరుగుతుందో అందరికన్నా అతనికే ఎక్కువ తెలుసు.

మొదటి జాబితా, కనబడగానే పోలీసులకు చెప్పాల్సినవి: నాటు తుపాకీ, పిడిబాకు, వేటకొడవలి, మడత కత్తి, వేళ్లకు తొడుక్కునే ఇనుప పంచ్, నాటు బాంబు, యాసిడ్ సీసా.

రెండో జాబితా, తీసి పెట్టుకుని తల్లిదండ్రులను పిలవాల్సినవి: షేవింగ్ బ్లేడు, పేపర్ కట్టర్, స్క్రూడ్రైవర్, సైకిల్ చైను ముక్క, ఇనుప రాడ్డు ముక్క.

మూడో జాబితా, అనుమతి ఉన్నవి: జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని, డివైడర్, మొండి కొనల కత్తెర, స్టీలు టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా. ఈ మూడో జాబితా రాయకపోతే మొదటి రోజే ఎనిమిదో తరగతి పిల్లాడి వృత్తలేఖిని లాక్కుని వాడిని ఏడిపిస్తారు.

ఊరిని బట్టి జాబితా మారుతుంది. చీమకుర్తి లాంటి క్వారీ ప్రాంతాల్లో బండరాళ్లు పేల్చడానికి వాడే డిటొనేటర్లను మొదటి జాబితాలో చేర్చండి. చిన్న లోహపు గొట్టం, దానికి రెండు వైర్లు. పిల్లలు ఆటవస్తువు అనుకుని జేబులో వేసుకోవచ్చు. పొలం పనో వల పనో చూసుకుని బడికి వచ్చే పిల్లల దగ్గర కొడవలి, వల కోసే చాకు ఉండొచ్చు. అది దురుద్దేశం కాదు. అలాంటి పనిముట్టును గేటు దగ్గరే ఇచ్చి సాయంత్రం తీసుకునే ఏర్పాటు ముందే చేయండి.

2. గేటు కన్నా ముందు ప్రహరీ చూడండి

ఒక సాయంత్రం బడి వదిలాక ప్రహరీ చుట్టూ నడవండి. కూలిన గోడ, మరుగుదొడ్ల వెనక సందు, ఆటస్థలం వైపు తాళం లేని చిన్న గేటు, పక్క ఇంటి మేడ మీద నుంచి చెయ్యి అందే చోటు ఉంటే గుర్తు పెట్టుకోండి. వెనక గోడ మీద నుంచి సంచి విసరగలిగే చోట ముందు గేటు దగ్గర ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఉపయోగం లేదు.

తర్వాత బడి లోపల ఇప్పటికే ఉన్నవి లెక్క పెట్టండి. ఈ పని చాలామంది మరిచిపోతారు.

- మధ్యాహ్న భోజనం వంటగదిలో కత్తిపీటలు, కూరగాయల చాకులు: సంఖ్య గోడ మీద రాసి, వంట అయ్యాక లెక్క చూసి తాళం వేయాలి.
- బయాలజీ ల్యాబ్‌లో స్కాల్పెల్, కెమిస్ట్రీ ల్యాబ్‌లో యాసిడ్లు: ప్రాక్టికల్ మొదలయ్యే ముందూ, అయ్యాకా లెక్క.
- తోటపని సామాను, గడ్డపార, పార, కొడవలి: గదిలో పెట్టి తాళం. తాళంచెవి ఒక్కరి దగ్గరే.
- కడుతున్న గది ఉంటే రాడ్డు ముక్కలు, బైండింగ్ వైరు, పగిలిన టైల్స్: కాంట్రాక్టరు చేత ఏ రోజుకారోజు తీయించాలి.

ఈ రెండు పనులకు పెద్ద ఖర్చేమీ లేదు. ఇవి పూర్తయ్యాకే మూడో మెట్టు.

3. లెక్క వేయండి: ఎంతమంది, ఎన్ని నిమిషాలు

గుమ్మంలా నిలబెట్టి మనుషులను లోపలి నుంచి నడిపించే డోర్ ఫ్రేమ్ డిటెక్టర్ అమ్మేవాళ్లు నిమిషానికి 60 మంది వెళ్లొచ్చంటారు. జేబులో ఏమీ లేని మనిషి ఆగకుండా నడిస్తే వెళ్లొచ్చు. భుజానికి సంచి, నడుముకు బెల్టు, చేతిలో క్యారేజీ ఉన్న పిల్లలతో అది కుదరదు. ట్రేలో సామాను పెట్టడం, నడవడం, మళ్లీ తీసుకోవడం కలిపితే ఒక వరుసలో నిమిషానికి 10 నుంచి 12 మందిని లెక్కేసుకోండి.

800 మంది పిల్లలు, 40 నిమిషాల సమయం అనుకుందాం. నిమిషానికి 20 మంది వెళ్లాలి. అంటే రెండు వరుసలు.

ఇప్పుడు మోగినవాళ్ల సంగతి. పది మందిలో ఒకరికి మోగితే 80 మంది. ఒక్కొక్కరికి అర నిమిషం చొప్పున 40 నిమిషాలు: ఒక మనిషికి నిండా పని. ఆడపిల్లలకు ఆడవాళ్లే చూడాలి గనుక ఎలాగూ ఇద్దరు కావాలి. అదే నలుగురిలో ఒకరికి మోగితే 200 మంది, 100 నిమిషాలు. ముగ్గురు కావాలి, లేదా మొదటి పీరియడ్ పోతుంది. మోత శాతం తగ్గించడానికి ఎందుకంత శ్రమ పడాలో ఈ లెక్కే చెబుతుంది.

ఇక బ్యాగులు. 800 బ్యాగులకు ఒక్కోదానికి 15 సెకన్లు వేసినా 200 నిమిషాలు. 40 నిమిషాల్లో అవ్వాలంటే ఐదు బల్లలు, ఐదుగురు మనుషులు. ఎక్కువ బడులకు అంతమంది ఉండరు. అందుకే "రోజూ అందరి బ్యాగులూ చూస్తాం" అని ప్రకటించకండి. మూడో రోజుకే అది జిప్పు తీసి మూసే తంతు అవుతుంది. పిల్లలు అది వెంటనే పసిగడతారు.

బస్సులనూ లెక్కలోకి తీసుకోండి. మూడు బస్సులు ఒకేసారి దిగితే 150 మంది ఒక్క నిమిషంలో గేటు మీద పడతారు. బస్సుల రాకను పది నిమిషాల తేడాతో సర్దుకోవడం రెండో యంత్రం కొనడం కన్నా చవక.

4. ఏ పరికరం మీ బడికి సరిపోతుంది

*హ్యాండ్ డిటెక్టర్ మాత్రమే.* 500 మంది లోపు ఉన్న బడికి, పల్లె హైస్కూలుకు ఇదే మా సిఫారసు. నాలుగు కొనండి: రెండు వాడకానికి, రెండు నిల్వకు. చాలావాటికి 9 వోల్టుల బ్యాటరీ పడుతుంది. రీచార్జ్ అయ్యేవైతే మంచిది. శబ్దంతో పాటు కంపనం కూడా ఉన్న రకం తీసుకోండి. కంపనం మీద పెడితే పక్కవాళ్లకు వినబడదు, పిల్లల పరువు పోదు.

*డోర్ ఫ్రేమ్ డిటెక్టర్.* 800 మంది దాటిన ప్రాంగణాలకు, హాస్టల్ ఉన్న కాలేజీలకు. గుమ్మానికి ఒక పక్క తీగచుట్ట నుంచి అయస్కాంత తరంగం వెళుతుంది. లోహం దాటితే అందులో సుడి ప్రవాహాలు పుట్టి, రెండో పక్క చుట్ట వాటిని పట్టుకుంటుంది. మోగినప్పుడు ఏ ఎత్తులో మోగిందో జోన్ దీపాలు చూపిస్తాయి. ఆరు జోన్లున్న దాన్లో "నడుము దగ్గర" వరకే తెలుస్తుంది. 18 లేదా 33 జోన్లున్న దాన్లో ఎడమా కుడా కూడా తెలుస్తుంది, తనిఖీ త్వరగా అయిపోతుంది. బడికి 18 జోన్లు చాలు.

*ఎక్స్‌రే బ్యాగేజీ స్కానర్.* మామూలు బడికి వద్దు. దీనికి అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు వర్తిస్తాయి, తెర చూసే మనిషికి శిక్షణ కావాలి, పైగా ఒకరు ఏకధాటిగా 20 నిమిషాలకు మించి చూడలేరు.

*కృత్రిమ మేధతో నడిచే స్కానర్లు.* సామాను తీయకుండానే ఆయుధాన్ని గుర్తుపడతాయని చెప్పి అమ్ముతున్నారు. అమెరికాలో ఇలాంటి యంత్రాలమ్మే ఒక కంపెనీ అన్ని ఆయుధాలనూ పట్టేస్తుందన్నట్టు తప్పుడు ప్రచారం చేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 నవంబర్‌లో కేసు పెట్టింది. కొన్ని బడులకు కాంట్రాక్టు రద్దు చేసుకునే అవకాశం ఇవ్వాలని ఒప్పందమూ కుదిరింది. కొనేముందు మీ బడి సంచులతో, మీ పిల్లల క్యారేజీలతో, మీ గేటు దగ్గరే డెమో అడగండి. ఒప్పుకోకపోతే కొనకండి.

ఏ డిటెక్టరైనా పట్టలేనివి ఇవి: యాసిడ్, పెట్రోలు, గాజు సీసా, కర్ర, రాయి, కారప్పొడి, మత్తు పదార్థాలు. లోహం చాలా తక్కువ ఉన్న షేవింగ్ బ్లేడును డోర్ ఫ్రేమ్ దాదాపు వదిలేస్తుంది. బ్లేడు కూడా మోగేంత సున్నితంగా పెడితే పట్టీలున్న ప్రతి ఆడపిల్లకూ, బెల్టున్న ప్రతి మగపిల్లాడికీ మోగుతుంది. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. ఈ మాట కమిటీలో అందరికీ ముందే చెప్పండి.

కొటేషన్‌లో అడగాల్సినవి:

- ప్రతి జోన్ సున్నితత్వం విడిగా మార్చే వీలు
- రెండు ఫ్రేములు పక్కపక్కన నడపడానికి వేర్వేరు చానెళ్లు
- బ్యాటరీ బ్యాకప్ కనీసం 2 గంటలు
- ఆరుబయట పెట్టాలంటే వాన, దుమ్ము తట్టుకునే ఐపీ 65 రక్షణ
- నెల్లూరు లేదా ఒంగోలుకు సర్వీసు మనిషి ఎన్ని గంటల్లో వస్తాడో రాతపూర్వకంగా
- రెండేళ్ల వారంటీ, తర్వాత వార్షిక నిర్వహణ ధర ఇప్పుడే ఖరారు

5. డోర్ ఫ్రేమ్‌ను ఎక్కడ నిలబెట్టాలి

"యంత్రం పాడైంది" అనే ఫిర్యాదుల్లో యంత్రం తప్పు లేనివే ఎక్కువ. అది నిలబెట్టిన చోటే తప్పు.

మొదట రోడ్డు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో 16వ నంబరు జాతీయ రహదారిని, దాని సర్వీసు రోడ్లను ఆనుకుని చాలా బడులున్నాయి. క్యూ రోడ్డు మీదికి వస్తే కత్తి కన్నా లారీయే పెద్ద ప్రమాదం. ఫ్రేమ్‌ను గేటుకు కనీసం 15 మీటర్లు లోపల పెట్టండి, క్యూ మొత్తం ప్రహరీ లోపలే ఉండాలి.

తర్వాత చుట్టూ ఉన్న ఇనుము. కదిలే లోహం ఏదైనా దొంగ మోత మోగిస్తుంది.

- జరిగే ఇనుప గేటుకు కనీసం 3 మీటర్లు, బండ్లు నిలిపే చోటుకు 5 మీటర్ల దూరం.
- నీటి మోటారు, ఇన్వర్టరు, లావు కరెంటు కేబుల్, గోడ ఫ్యాను దగ్గర పెట్టొద్దు.
- గాలికి ఊగే రేకుల షెడ్డు కింద పెడితే గాలి వీచినప్పుడల్లా మోగుతుంది. రేకులను బిగించండి, లేదా వేరే నీడ చూడండి.
- ట్రేలు పెట్టే బల్ల చెక్కది లేదా ప్లాస్టిక్‌ది. వాచ్‌మన్ స్టీలు కుర్చీ ఫ్రేమ్‌కు రెండు మీటర్ల అవతల.
- నేల కింద స్లాబ్ కమ్మీలుంటే చీలమండ జోన్ గోల చేస్తుంది. అర మీటరు అటూ ఇటూ జరిపి చూడండి. తగ్గకపోతే ఆ ఒక్క జోన్ సున్నితత్వం తగ్గించి, కాళ్ల దగ్గర హ్యాండ్ డిటెక్టర్‌తో చూడండి.

ఫ్రేమ్‌ను నేలకు బోల్టులతో బిగించాలి. వదులుగా ఉంటే పిల్లల భుజం తగిలి ఊగుతుంది, ఊగితే మోగుతుంది.

వానల సంగతి మరిచిపోకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లొచ్చినప్పుడు మన తీరంలో నీళ్లు నిలుస్తాయి. కింద ఆరంగుళాల సిమెంటు దిమ్మె కట్టించి, దానికి చక్రాల కుర్చీ ఎక్కేలా వాలు ఇవ్వండి. కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ప్లగ్గులు, కనెక్టర్లు ఉప్పు పట్టి తుప్పెక్కుతాయి. నెలకోసారి విప్పి పొడిగుడ్డతో తుడవాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే మొదటి పిడుగుకే బోర్డు పోతుంది.

పక్కన మరో వెడల్పాటి దారి తప్పనిసరి. ఫ్రేమ్ లోపలి వెడల్పు మామూలుగా 70 నుంచి 76 సెంటీమీటర్లు. చక్రాల కుర్చీ దాటడం కష్టం, దాటినా అది లోహమే. అగ్నిప్రమాదం జరిగితే 800 మంది ఆ గుమ్మంలోంచి బయటికి రాలేరు. బయటికి పోయే గేటు వేరుగా, లోపలి నుంచి వెంటనే తెరుచుకునేలా ఉండాలి.

6. సున్నితత్వం సరిచేసి పరీక్షించడం

పరీక్ష వస్తువు ఒకటి తయారు చేసుకోండి: 15 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు వంటింటి చాకు, మొన మీద మందపాటి టేపు, పైన గుడ్డ సంచి. స్టెయిన్‌లెస్ స్టీలే ఎందుకంటే, అందులో అయస్కాంతానికి అంటని రకాన్ని డిటెక్టర్ గుర్తించడం మామూలు ఇనుము కన్నా కష్టం. కష్టమైనది పట్టుకుంటే తేలికైనదీ పట్టుకుంటుంది. ఆ వస్తువు ప్రధానోపాధ్యాయుల బీరువాలో తాళంలో ఉండాలి.

వరుస ఇది:

1. ఫ్రేమ్ ఆన్ చేసి తయారీదారు చెప్పినంతసేపు వదిలేయండి. ఖాళీగా ఐదు నిమిషాలు మోగకూడదు. మోగితే చోటు తప్పు. ఐదో మెట్టుకు తిరిగి వెళ్లండి.
2. ఒంటిమీద లోహమేమీ లేని ఒక పెద్ద మనిషి ఐదుసార్లు నడవాలి. మోగకూడదు.
3. అదే మనిషి పరీక్ష వస్తువును చంకలో, నడుము ముందు, నడుము వెనక, తొడ పక్కన, చీలమండ దగ్గర పెట్టుకుని ఒక్కో చోటికి నాలుగుసార్లు నడవాలి: రెండుసార్లు మామూలుగా, ఒకసారి మెల్లగా, ఒకసారి వేగంగా.
4. మొత్తం 20 నడకల్లో 20 సార్లూ మోగాలి. ఒక్కటి తప్పినా ఆ ఎత్తు జోన్ సున్నితత్వం కొంచెం పెంచి, మళ్లీ మొత్తం 20.
5. ఇప్పుడు పూర్తి యూనిఫారంలో 20 మంది పిల్లలను నడిపించండి, బ్యాగు లేకుండా. ముగ్గురికి మించి మోగితే దేనికి మోగిందో రాసుకోండి. దాదాపు ఎప్పుడూ బెల్టు బకిలే. యూనిఫారం బెల్టును ప్లాస్టిక్ బకిల్‌కు మార్చండి. ఈ ఒక్క మార్పు ఏ సెట్టింగు చేయలేని పని చేస్తుంది.
6. ఖరారైన అంకెలు కాగితం మీద రాసి, పాస్‌వర్డు మార్చి, ఇద్దరి దగ్గరే ఉంచండి. "ఊరికే మోగుతోంది" అని గార్డు సున్నితత్వం తగ్గించేయడమే ఈ యంత్రాలకు పట్టే పెద్ద జబ్బు.

మూడో అంచె పరీక్ష రోజూ పొద్దున గేటు తెరిచే ముందు ఐదు చోట్లా ఒక్కోసారి చేసి పుస్తకంలో సంతకం పెట్టాలి. రెండు నిమిషాల పని.

7. ఎవరు నిలబడాలి

ఒక వరుసకు ఐదుగురు: క్యూ నడిపేవారు, ట్రే బల్ల దగ్గర ఒకరు, ఫ్రేమ్ దీపాలు చూసేవారు, హ్యాండ్ డిటెక్టర్‌తో ఒక మగ, ఒక ఆడ. అంతమంది లేకపోతే క్యూ పని పీఈటీకి ఇవ్వండి. ఆడ గార్డు లేకపోతే తనిఖీ మొదలుపెట్టకండి, ఇందులో సర్దుబాటు లేదు.

గార్డులను ఏజెన్సీ నుంచి తీసుకుంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద దానికి లైసెన్సు ఉందో లేదో ముందు చూడండి. ప్రతి గార్డుకూ పోలీసు వెరిఫికేషన్ కాగితం ఫైల్లో ఉండాలి. పిల్లల దగ్గర నిలబడే మనిషి గురించి మొహమాటం వద్దు.

ఫ్రేమ్ దీపాలు చూసే మనిషిని 20 నిమిషాలకోసారి మార్చండి. ఆ తర్వాత కళ్లు చూస్తున్నా మనసు చూడదు.

మాట తీరు నేర్పించాలి. "ఏయ్, ఆగు" అని కాదు. "నాయనా, జేబులో తాళంచెవి ఉందేమో చూసి ట్రేలో పెట్టు." "అమ్మా, ఇంకోసారి ఇటు నడువు, మెల్లగా." తల్లిదండ్రులైతే "అన్నా, ఒక్క నిమిషం, సెల్లు ట్రేలో పెట్టి రండి." గార్డులు ఈ వాక్యాలను నోటికొచ్చేదాకా పలకాలి. గేటు దగ్గర పెద్దల గొంతు ఎలా ఉంటే క్యూలో పిల్లల నడక అలా ఉంటుంది.

8. మోగినప్పుడు చేయాల్సిన వరుస

1. పక్కకు రమ్మనండి, క్యూ ఆపొద్దు. పక్క చోటు అందరికీ కనబడాలి, మాటలు మాత్రం వినబడకూడదు. మూసిన గదిలోకి తీసుకెళ్లొద్దు.
2. "జేబులో ఏమైనా మిగిలిందా?" అని అడిగి, తీసి పెట్టించి, మళ్లీ ఫ్రేమ్‌లోంచి నడిపించండి. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.
3. మళ్లీ మోగితే జోన్ దీపం చూసి ఆ ఎత్తులోనే హ్యాండ్ డిటెక్టర్ తిప్పండి. ఒంటికి తాకకుండా 3 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, మెల్లగా.
4. ఏ జోనో తెలియకపోతే మొత్తం చూడాలి: కుడి భుజం నుంచి చేతి చివరి దాకా, చంక నుంచి నడుము, కాలి చివర; అలాగే ఎడమ; తర్వాత వెనక మెడ నుంచి మడమ దాకా. 40 సెకన్లు.
5. మోగిన చోట ఏముందో పిల్లలే చెప్పాలి, పిల్లలే తీయాలి. గార్డు చెయ్యి జేబులోకి వెళ్లకూడదు.
6. మొలతాడు, తాయెత్తు, పట్టీలు, కడియం, శిలువ గొలుసు తీయించొద్దు, తెంపించొద్దు. కనబడితే చాలు.
7. లోదుస్తుల దగ్గర మోగితే గార్డు అక్కడితో ఆగిపోవాలి. మహిళా టీచరు వచ్చి మెల్లగా అడగాలి. బట్టలు విప్పించడం ఏ పరిస్థితిలోనూ ఉండకూడదు. అనుమానం తీరకపోతే పిల్లను టీచరు పక్కన కూర్చోబెట్టి తల్లిని పిలవండి.

ఈ కఠినత్వం మర్యాద కోసం మాత్రమే కాదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 49వ సెక్షన్ ప్రకారం అరెస్టయిన స్త్రీని పోలీసులు సోదా చేయించాలన్నా మరో స్త్రీ చేతే, మర్యాదకు భంగం లేకుండా చేయించాలి. పోలీసులకే ఆ హద్దు ఉంది. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో శారీరక దండన, మానసిక వేధింపులపై ఉన్న నిషేధం, ఈ రెండింటినీ గార్డులకు తెలుగులో చదివి వినిపించండి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ల ఛాతీ దగ్గర హ్యాండ్ డిటెక్టర్ ఉంచొద్దు. చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి అమర్చే వినికిడి పరికరం) ఉన్న పిల్లలను ముందే తెలుసుకుని వేరే దారిన పంపండి. గర్భిణి టీచర్లు భయపడితే చెప్పండి: ఇందులో ఎక్స్‌రే లేదు, బలహీనమైన అయస్కాంత క్షేత్రమే. అయినా ఇష్టం లేదంటే బలవంతం వద్దు.

9. బ్యాగులు: క్యారమ్స్ బిళ్లల పద్ధతి

అందరివీ చూడలేం గనుక కొందరివి చూడాలి. ఎవరివి? ఇక్కడే అన్యాయం దూరుతుంది. గార్డు కంటికి "అనుమానంగా" కనబడేది ఎప్పుడూ చిరిగిన చొక్కా పిల్లాడే, ఫలానా పేట నుంచి వచ్చేవాడే. ఎంపిక మనిషి చేతిలో ఉండకూడదు.

గుడ్డ సంచిలో తొమ్మిది నల్ల క్యారమ్స్ బిళ్లలు, ఒక ఎర్రబిళ్ల వేయండి. ప్రతి ఒక్కరూ చూడకుండా ఒకటి తీసి, చూపించి, మళ్లీ సంచిలో వేయాలి. ఎర్రబిళ్ల వస్తే బ్యాగు బల్ల మీదికి. టీచర్లు, ప్రిన్సిపాల్, కరస్పాండెంట్ గారు కూడా తీయాలి. కరస్పాండెంట్ గారి బ్యాగు తెరిచిన రోజు పిల్లల గొణుగుడు ఆగిపోతుంది.

800 మందిలో సుమారు 80 బ్యాగులు. ఒక్కోదానికి అర నిమిషం. ఒక బల్ల, 40 నిమిషాలు. ఒక్క రోజు చూస్తే పదిలో తొమ్మిది సార్లు తప్పించుకోవచ్చు, నిజమే. కానీ పది రోజుల్లో ఒక్కసారైనా ఎర్రబిళ్ల వచ్చే అవకాశం దాదాపు 65 శాతం. రోజూ సంచిలో కత్తి పెట్టుకొచ్చే అలవాటును ఇది తెంచుతుంది. ఒక్క రోజు కోసం తెచ్చేవాడిని ఆపుతుందని మాత్రం అనుకోకండి. ఆ పని చేసేది పదకొండో మెట్టు.

బ్యాగు చూసేటప్పుడు జిప్పులు పిల్లలే తీయాలి. పుస్తకాలు రెండుగా విడదీసి మధ్య చూడండి. అడుగున అట్ట ఎత్తించండి. క్యారేజీ మూత పిల్లలే తీసి చూపాలి. అన్నంలో చెయ్యి పెట్టొద్దు. డైరీ, ఉత్తరాలు చదవొద్దు. ఆడపిల్లల శానిటరీ ప్యాడ్ల అర తెరిపించొద్దు, పైనుంచి హ్యాండ్ డిటెక్టర్ తిప్పితే చాలు.

సెలవుల తర్వాత హాస్టల్ పిల్లలు ట్రంకు పెట్టెలతో దిగే రోజు వేరు. ఇనుప పెట్టె మీద డిటెక్టర్ పనికిరాదు. ప్రతి పెట్టె తండ్రో తల్లో ఎదురుగా ఉండగా తెరిపించండి, గంటకు ఇన్ని గదులు అని సమయాలు ముందే పంచండి. మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం), వార్షికోత్సవం రోజుల్లో బయటివాళ్లకు ఒక్క గేటే ఉంచండి.

10. నిజంగా ఆయుధం దొరికితే: మొదటి పది నిమిషాలు

సంకేత పదం ఒకటి ముందే పెట్టుకోండి. "సార్‌కి పెద్ద రిజిస్టరు కావాలట" లాంటి మామూలు మాట. అది వినగానే క్యూ నడిపేవారు పిల్లలను వెనక్కి నడిపిస్తారు, రెండో మనిషి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేస్తారు.

- ఆయుధం ట్రేలోనో బ్యాగులోనో ఉంటే ట్రేను, బ్యాగును పిల్లాడికి అందకుండా జరపండి. పెనుగులాడొద్దు.
- చేతిలో ఉంటే దగ్గరికి వెళ్లొద్దు. మధ్యలో బల్ల ఉంచుకుని మెల్లగా మాట్లాడండి: "కింద పెట్టు నాయనా, తర్వాత మాట్లాడుకుందాం." లాఠీ ఎత్తొద్దు.
- దొరికిన కత్తిని తుడవొద్దు, చేతులు మార్చొద్దు. కాగితం కవరులో పెట్టి సమయం, చూసినవాళ్ల పేర్లు రాయండి.
- డిటొనేటర్, నాటు బాంబు లాంటిది కనబడితే ముట్టుకోవద్దు, డిటెక్టర్ తిప్పొద్దు, దగ్గర సెల్లు వాడొద్దు. అందరినీ దూరంగా తరలించి, దూరం నుంచి ఫోన్ చేయండి.
- ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టిన మనిషి ఎవరైనా చర్య తప్పదని ముందే చెప్పండి. బాల నేరారోపితుల వివరాలు బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది.

18 ఏళ్లలోపు పిల్లలను లాకప్‌లో పెట్టకూడదని, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలని అదే చట్టం 10వ సెక్షన్ చెబుతుంది. ప్రతి పోలీస్ స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరుంటారు. ఆ అధికారి నంబరు ఈ రోజే కనుక్కుని గేటు గదిలో గోడ మీద రాయండి. పిల్లాడు భయంతో తెచ్చాడా అని కూడా అడగాలి. తనను కొడుతున్నారని కత్తి పెట్టుకున్న పిల్లాడి దగ్గర కత్తి ఒక్కటే తీసేస్తే, వాడిని భయపెట్టింది అక్కడే మిగిలిపోతుంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేస్తే పిల్లలకు తోడు దొరుకుతుంది.

11. ముందే చెప్పే పిల్లలు

ఇది మెట్టు కాదు, మెట్లన్నిటి కింద నేల. ఫలానావాడు కత్తి తెస్తాడట అన్న మాట గార్డు కన్నా ముందు క్లాసులో ఎవరో ఒకరికి తెలుస్తుంది. ఆ ఒకరు చెప్పుకోవడానికి చోటుండాలి.

మరుగుదొడ్ల దారిలో, ఎవరి కంటా పడని మలుపులో తాళం వేసిన పెట్టె పెట్టండి. రోజూ సాయంత్రం ఒకే టీచరు తెరవాలి. పిల్లలు ఎవరిని నమ్ముతారో చీటీల మీద రాయించి, ఎక్కువ చీటీలొచ్చిన టీచరుకే తాళంచెవి ఇవ్వండి. సీనియారిటీ చూడొద్దు. చెప్పిన పిల్లల పేరు ఒక్కసారి బయటపడితే ఆ పెట్టె ఇక ఎప్పటికీ ఖాళీయే.

12. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

*పొద్దున మాత్రమే తనిఖీ.* మధ్యాహ్నం భోజనానికి బయటికెళ్లి వచ్చేవాళ్లు ఉంటారు. విరామం తర్వాత కూడా క్యారమ్స్ సంచి బయటికి తీయండి.

*ఆలస్యంగా వచ్చినవాళ్లను అలాగే వదిలేయడం.* తొమ్మిదిన్నరకు ఫ్రేమ్ దగ్గర ఎవరూ ఉండరు. ఆ తర్వాత వచ్చేవాళ్లకు హ్యాండ్ డిటెక్టర్ తప్పనిసరి చేయండి.

*సరుకుల బండ్లు, కూరగాయల ఆటో, ప్లంబరు.* వీళ్లకు గుర్తింపు పుస్తకం, లోపల తోడు మనిషి. పనిముట్లు వచ్చేటప్పుడు లెక్క, పోయేటప్పుడు లెక్క.

*కరెంటు పోగానే గేటు బార్లా తెరవడం.* బ్యాటరీని నెలకోసారి ప్లగ్గు పీకి పరీక్షించండి. గంటలోపే పడిపోతే మార్చే రోజొచ్చింది.

*పరీక్ష పేరుతో పిల్లాడి చేత డమ్మీ కత్తి పంపడం.* ఎప్పుడూ చేయొద్దు. నెలకోసారి ఆకస్మిక పరీక్ష పెద్ద మనిషి చేతే, స్టేషన్‌కు ముందే చెప్పి చేయించండి. దొరక్కపోతే గార్డును తిట్టకుండా, ఏ చోట జారిందో అదే పూట మళ్లీ నడిచి చూడండి.

*మోతల పుస్తకం రాయకపోవడం.* తేదీ, మొత్తం మంది, ఎన్నిసార్లు మోగింది, దేనికి మోగింది: నాలుగు గడులు చాలు, పిల్లల పేర్లు వద్దు. రెండు వారాల తర్వాత ఆ పుస్తకం చూసి ప్లాస్టిక్ బకిల్ బెల్టులు ఇంకా ఎంతమందికి అందలేదో లెక్క తీయండి.